పెరటి గుంటలో చిలువలు



బాతు అనగానే మనకు స్ఫురించునవి బురద కాలువలలో ముక్కు పెట్టి వెదకుకొను పెంపుడు బాతులు. లేదా శీతకాలమున కొల్లేటికి వచ్చి వాలెడి సూదితోక బాతులు. ఆ వలస వచ్చునవి చలికాలము గడపి ఉత్తరదేశములకు మరలిపోవునే గాని మన గడ్డపై గ్రుడ్లు పెట్టవు. నేను నేడు చెప్పబోవు పక్షి మనతోనే ఉండి, మన పెరటిలోనే కాపురము చేయును. దీనిని చిలువ యందురు. నిఘంటువు తెఱచినవారికి చిలువ యనగా పాము అని కనబడును. భయపడవలదు, ఇది ఈలవేయు బాతు.

చిలువ పెంపుడు బాతుకంటె చిన్నది. ఒడలు గోధుమవన్నె, ఱెక్కలపై ఇటుకరంగు. ఎగురునపుడు సన్నగా ఈల వేయును. 1821లో హార్స్‌ఫీల్డు అను పండితుడు జావా దీవి పక్షిని చూచి వర్ణించుటచే శాస్త్రమున దానికి జావా పేరే నిలిచినది. పగలెల్ల నీటియొడ్డున కునుకుచు, ప్రొద్దు గ్రుంకిన పిదప మేతకు లేచును.

గుడివాడనుండి బందరు వఱకును, అటు దివిసీమయందును పల్లపుటూళ్లలో ఇల్లు కట్టవలెనన్న ముందు మెరక వేయవలెను. ఆ మట్టి పెరటిలోనే త్రవ్వుదురు; త్రవ్వినచోట నీరు నిలిచి గుంట యగును. మా పెరటి గుంట యట్టిదే. వేసవిలో కాలువలు కట్టివేయగానే అది అడుగంటును. తొలకరి పడి, కాలువకు నీరు వచ్చి, గట్టున తుంగ లేచిన దినములలో చిలువల జత యొకటి వచ్చును.

బాతు చెట్టెక్కి గ్రుడ్లు పెట్టునన్న నమ్మనివారు కలరు. మా గుంటయొడ్డున తల విఱిగిన ముసలి చింత యున్నది. దాని తొఱ్ఱయే వాని పురిటిల్లు. సాధారణముగా ఏడు మొదలు పండ్రెండు వఱకు తెల్లని గ్రుడ్లు పెట్టును. ఆలుమగలు వంతుల ప్రకారము మూడు వారములకు పైగా పొదుగును. రెండును రూపున నొక్కటే గనుక తొఱ్ఱలో నున్నది తల్లియో తండ్రియో మనము చెప్పజాలము.

పిల్లలు దిగుట చూడదగినది. పెద్దది క్రిందనుండి మెల్లగా పిలుచును. నూగుబంతివంటి పిల్ల తొఱ్ఱయంచున నిలిచి, ఒక క్షణము తటపటాయించి దూకును. దానివెంట వేఱొకటి. ఱెక్కలింకను రాలేదు, అయినను బరువు లేనందున నేలబడి, బొంగరమువలె దొర్లి, లేచి నీటికి నడచును. నిరుడు తొమ్మిదింటిని లెక్కించితిని. ఆ దినమున మా కుక్కను కట్టివేసితిమి.

పొరుగింటి పెద్దావిడ చూచి, "అబ్బాయీ, రెండు పిల్లలను పట్టి మా కోడిక్రింద వేయరాదా?" అనెను. "వద్దు పిన్నిగారూ, చచ్చిపోవును. పైగా చట్టము ఒప్పదు" అంటిని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇట్టి పక్షులను పట్టుటనేగాక గూళ్లను, గ్రుడ్లను పాడుచేయుటను గూడ వేటక్రిందనే లెక్కించును.

పెద్దవి పిల్లల నోటికి మేత నందింపవు. కావలి మాత్రము కాయును. పిల్లలే నీటిపురుగులను, గింజలను ఏఱుకొనవలెను. పైన గద్ద, నీటిలో కొరమీను. ఆకలి తీర్చునదియు, దాచునదియు తుంగయే. కడిగిన పళ్లెమువలె శుభ్రము చేసిన గుంటలో వానికి రెండును ఉండవు.

చిలువలు రాత్రివేళ నారుమళ్లలో దిగి గింజలు తినునని రైతుల మొఱ. అది నిజమే. డబ్బా వాయించి తోలుట న్యాయము. వల పన్నుట కాదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టబెట్టుకొన్నది, చెట్లనెన్నింటినో కూల్చినది. తదుపరి దశాబ్దములలో వరిపొలములు చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు నయినవి. నీరు హెచ్చినది గదా, బాతులకు మేలే యని కొందఱందురు. నాకట్లు తోచదు. ఆ గట్లలో పెక్కు బోడివి. తొఱ్ఱ లేదు, తుంగ లేదు. పక్షులు వాలకుండ పైన త్రాళ్లు కట్టుట కలదు. అచట చిలువ రాత్రికి వాలిపోవచ్చును గాని పిల్లలతో కాపుర ముండజాలదు. ఇక పెరటి గుంటలందురా, కుళాయిలు వచ్చినపిదప వానిలో అనేకము చెత్తతో పూడినవి.

గుంట బాగుచేయదలచిన వేసవిలో, నీరు తీసినపుడు చేయవచ్చును. తుంగ కోయదలచిన ఒక గట్టున కోసి, రెండవ గట్టును వానలు వెనుకబట్టువఱకు ఉంచవచ్చును. అప్పటికి పిల్లలకు ఱెక్కలు వచ్చును. మేమట్లే చేయుచున్నాము. చింత తొఱ్ఱ మూయింతునని వచ్చిన మేస్త్రీని మాత్రము రెండు మాఱులు త్రిప్పి పంపితిమి.