మన జొన్న బాటి

 

మెదక్‌లో హాస్టల్ వార్డెన్‌గా ఏటా చూసే సంగతి ఒకటి చెప్తాను. సెలవులయ్యాక తండా నుంచి వచ్చే ఆడపిల్లల సంచుల్లో జొన్న బాటి, వెల్లుల్లి కారం ఉంటాయి. బిస్కెట్ ప్యాకెట్ అందరి ముందు విప్పుతారు. బాటి మూట మాత్రం పెట్టె అడుగుకు పోతుంది. ఒక పాపను ఎందుకమ్మా అని అడిగితే, "నవ్వుతరు మేడమ్" అన్నది. నేను తిట్టలేకపోయాను. చదువుకునే రోజుల్లో నేనూ అట్లనే దాచాను. మా యాడి తెల్లవారకముందే లేచి పొయ్యి ముందు కూర్చొని కొట్టిన రొట్టె అది.

1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. పేదల ఆకలి తీరింది, అది మేలే. కానీ మెల్లగా అన్నం గొప్పది, రొట్టె తక్కువది అనే మాట మన మనసుల్లో పడింది.

నిజం ఏమిటి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక చూడండి. 100 గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము 1 మిల్లీగ్రాము కూడా లేదు, జొన్నల్లో దాదాపు 4 ఉంది. పీచు బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నల్లో 10. రక్తం తక్కువైన ఆడపిల్లలు మాత్రలు మానొద్దు, కానీ ఈ లెక్క తెలుసుకోవాలి.

తీజ్‌లో రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చుర్మో చేస్తాం. శీత్లా భవానికి గుగ్గిళ్లు పెడతాం. దేవతకు పెట్టేటప్పుడు లేని సిగ్గు మన పళ్లెం దగ్గర ఎందుకు?

ఫిన్లాండ్ అనే చలి దేశంలో రై అనే ధాన్యంతో నల్లటి, పుల్లటి రొట్టె చేస్తారు. స్వాతంత్ర్యం వచ్చి వందేళ్లయిన 2017లో ఓటు పెట్టుకొని ఆ రొట్టెనే తమ జాతీయ ఆహారంగా ఎన్నుకున్నారు. అంత దూరం ఎందుకు, మన పాత మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డీడీఎస్ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలు కాపాడుతూ వచ్చారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి దక్కింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక్క పని చెప్తున్నాను. ఈసారి ఇంటికి పోయినప్పుడు యాడి పక్కన కూర్చొని బాటి కొట్టడం నేర్చుకోండి. మగపిల్లలు కూడా. మొదటిది విరుగుతుంది, ఫరవాలేదు. తిరిగొచ్చేటప్పుడు నాలుగు ఎక్కువ తెచ్చి, నవ్వేవాళ్లకే ముందు పెట్టండి.

జై సేవాలాల్!