బిడ్డ ఎవరి దగ్గర ఉంది?
(అధ్యక్షోపన్యాసం)



ఉద్యోగం చేసే తల్లి వ్యక్తిత్వానికీ, పిల్లల పెంపకంలో ఆమె పడే ఒత్తిడికీ ఉన్న సంబంధం మీద మన మనస్తత్వశాస్త్ర శాఖల్లో సిద్ధాంత గ్రంథాలకు కొదవ లేదు. కోస్టా, మెక్‌క్రేల వ్యక్తిత్వ ప్రశ్నావళి ఒకటి, అబిడిన్ ఒత్తిడి సూచిక ఒకటి ఆమె చేతికిచ్చి, సహసంబంధం లెక్కగట్టి, ఆందోళన స్వభావం ఉన్న తల్లికే ఒత్తిడి ఎక్కువని తేలుస్తున్నాం. తేలక ఏం చేస్తుంది? 1983 నాటి అబిడిన్ సూచికలో తల్లికి సంబంధించిన భాగం కుంగుబాటునూ, ఒంటరితనాన్నీ కూడా కొలుస్తుంది. రెండు కాగితాల మీదా ఒకే మనిషి, ఒకే పూట, దాదాపు ఒకే సంగతి చెబుతోంది. అందులో ఒకదాన్ని కారణమనీ ఇంకొకదాన్ని ఫలితమనీ చూపడం శాస్త్రం కాదు. ఏళ్ల తరబడి ఈ మాటే అంటున్నాను, ఇవాళ ఈ కుర్చీలోంచీ అంటాను.

బెల్‌స్కీ 1984 నాటి వ్యాసాన్ని మీరంతా ఉటంకిస్తారు. పెంపకాన్ని మలిచేవి మూడని ఆయన చెప్పాడు: తల్లిదండ్రుల మనస్తత్వం, బిడ్డ స్వభావం, చుట్టూ ఉన్న ఒత్తిళ్లూ ఆసరాలూ. మొదటిదానికి పెద్దపీట వేసిన మాట నిజమే. అంతమాత్రాన మూడోదాన్ని వదిలేయమనలేదు. రాజధానిలో వర్క్‌షాపులు నడిపే కొందరు మిత్రులు దాన్ని ‘జనాభా వివరాలు’ అనే పట్టికలోకి నెట్టి చేతులు దులుపుకుంటున్నారు. వ్యక్తిత్వం ఊసే ఎత్తొద్దనే మిత్రులతోనూ నాకు పేచీయే. ఒకే బడి, ఒకే జీతం, ఒకే బస్సు. అయినా ఒకామె నిలదొక్కుకుంటుంది, ఒకామె కుంగిపోతుంది. ఆ తేడాను కాదంటే మనం మనస్తత్వశాస్త్రం చదివి ఏం లాభం?

నా పట్టుదల అంతా ఒక ప్రశ్న మీద. మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో మిర్చి ఏరే తల్లికి ప్రశ్నలు చదివి వినిపిస్తున్నాను. ఎంత కడిగినా ఘాటు పోని చేతులు. ఇంటికి పోయాక పిల్ల మొహం ముట్టుకోవడానికి జంకే చేతులు. అన్నీ విని ఆమె అన్నది: “గివన్నీ అడుగుతున్నవ్ గని మేడం, నా బిడ్డ గిప్పుడు ఎవలకాడ ఉన్నదో అడగకపోతివి.” మన సమాచార పత్రాల్లో వయసు, చదువు, జీతం అన్నిటికీ గడులున్నాయి. ఆ ప్రశ్నకు గడి లేదు. నా దృష్టిలో మొదటి ప్రశ్న అదే కావాలి.

దాని విలువ తెలియాలంటే 317 జీవో సంగతి చూడండి. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడివడ్డాయి. 2021 డిసెంబరులో ఆ జీవో వచ్చి టీచర్లను సీనియారిటీ ప్రకారం జిల్లాలకు పంచింది. సీనియర్లకు కోరుకున్న జిల్లా దక్కింది, జూనియర్లు మిగిలిన చోటికి పోయారు. చంటిపిల్లల తల్లులు ఉండేది ఆ జూనియర్లలోనే కదా! భర్త ఒక జిల్లా, భార్య ఒక జిల్లా అయ్యారు. స్పౌజ్ బదిలీల కోసం పిల్లలను వెంటబెట్టుకుని రోడ్డెక్కారు. ఇల్లు హనుమకొండలో, బడి భూపాలపల్లి మారుమూలలో. నిద్రపోతున్న పిల్లను అత్తమ్మ పక్కలోకి మార్చి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బస్సు పట్టుకునే ఆ తల్లి వ్యక్తిత్వం డిసెంబరులో ఎలా ఉందో జనవరిలోనూ అలాగే ఉంది. మారింది పోస్టింగు. ఇంతకన్నా మంచి పరిశోధనా క్షేత్రం మనకు ఎక్కడ దొరుకుతుంది?

అక్కడే వ్యక్తిత్వం అసలు పని చూడొచ్చు. కర్తవ్యనిష్ఠ ఒత్తిడికి విరుగుడని పుస్తకాలు చెబుతాయి. బిడ్డకు ఆసరా ఉన్నచోట ఔను. ఆసరా లేనిచోట జ్వరమొచ్చిన పిల్లను పక్కింట్లో దించి టైముకు బడి చేరేదీ ఆ నిష్ఠ ఉన్న తల్లే, రోజంతా నలిగిపోయేదీ ఆమే. స్వభావం ఒకటే, అది మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది బిడ్డ ఎవరి దగ్గర ఉందన్నదాన్ని బట్టి ఉంటుందని నా వాదన. ఆ ఆసరా సంగతికొస్తే, ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ యాభై మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. ఇద్దరు టీచర్ల బడికి అది ఎప్పటికి వస్తుంది?

భూపాలపల్లి సింగరేణిలో తండ్రి కొలువు అందుకున్న ఆడబిడ్డలు, ఊరి పిల్లలందరినీ చూసుకుంటూ తమ పిల్లలను ఇంట్లో వదిలి వచ్చే అంగన్‌వాడీ టీచర్లు, జనగామ స్టేషన్లో పొద్దున బండి కోసం నిలబడే అప్ అండ్ డౌన్ తల్లులు మన నమూనాల్లో ఎక్కడ? స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను మన పరిశోధకులు చదవాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో కన్నబిడ్డను పరాయి చేతుల్లో పెట్టి నడిచిన తల్లి గోడు అందులో ఉంది. ఏ స్కేలూ లేకుండా, ఓపికగా కూర్చుని విన్నవాళ్లు రాసుకున్న పుస్తకం అది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చే ప్రతి సిద్ధాంత గ్రంథంలో, బిడ్డ ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న మొదటి గడిలో ఉండాలని సాయంత్రం తీర్మానం పెడుతున్నాను. 317 జీవోతో జిల్లా మారిన తల్లులపై ఉమ్మడి అధ్యయనానికి యువ పరిశోధకులు ముందుకు రావాలి. వాళ్లకు నా పాత క్షేత్ర పుస్తకాలన్నీ ఇస్తాను, వెంట ఊళ్లకూ వస్తాను. చప్పట్లతో ఆమోదించి ఊరుకోకండి. పేర్లు ఇవ్వండి.