బడి గేటు నుంచి 50 మీటర్లు

(నరసన్నపేటలో జరిగిన మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక మనందరికీ ఒక పొట్లం ఇచ్చారు. అందులో ఒక పఫ్, ఒక స్వీటు, ఒక కూల్‌డ్రింకు ఉన్నాయి. ఏర్పాట్లు చేసినవారిని తప్పుపట్టడం లేదు, ఆ కమిటీలో నేనూ ఉన్నాను. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది మాత్రం ఆ పొట్లం గురించే.

మనం చదువుకున్న రోజుల్లో జమ్ము నుంచి, సత్యవరం నుంచి పిల్లలు నడిచే వచ్చేవారు. పొద్దున్న చోడి అంబలో, తరవాణీ అన్నమో తిని బయల్దేరితే మళ్ళీ సాయంత్రం ఇంటికెళ్ళాకే బువ్వ. గేటు దగ్గర రేగుపళ్ళు, ఉప్పులో ఊరిన ఉసిరికాయలు, కాలం వస్తే తాటితేగలు అమ్మేవారు. అలాగని ఆ రోజులు బంగారమని నేను అనను. ప్రార్థనలో నిలబడి ఆకలికి కళ్ళు తిరిగి పడిపోయిన స్నేహితుడు నాకింకా గుర్తున్నాడు. అప్పటి మన సమస్య ఆకలి.

ఆ ఆకలికి దేశం ఒక జవాబు వెతికింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరవాత, 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో బడిలో వేడి భోజనం మొదలైంది. 2020లో మెనూ మార్చి వేరుశనగ చిక్కీ చేర్చారు. 2023 మార్చిలో రాగిజావ వచ్చింది. ఇప్పుడా పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఏ ప్రభుత్వం ఏ పేరు పెట్టినా, మన అమ్మల చోడి అంబలి మళ్ళీ బడిలోకి వచ్చిందన్నది నాకు సంతోషం. లోపాలు లేవని కాదు. కూర నీళ్ళగా ఉన్న రోజులుంటాయి. కానీ ఆ భోజనానికి ఒక కొలత ఉంది. ప్రాథమిక తరగతుల పిల్లకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. కొలత ఉంటే, తగ్గినప్పుడు అడగడానికి వీలుంటుంది.

కొలత లేని తిండి ఎలా ఉంటుందో నాకు మా ఇంట్లోనే తెలిసొచ్చింది. మా అబ్బాయిని ఎనిమిదో తరగతిలో నగరంలోని ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేశాను. పొద్దున్న మైదా పూరీ, మధ్యాహ్నం వేపుడు, సాయంత్రం పఫ్. ఆటల పీరియడ్‌లో స్టడీ అవర్. నెలకో ఆదివారం మేం వెళ్ళేటప్పుడు బిర్యానీ, చిప్స్, కూల్‌డ్రింకులు సంచినిండా పట్టుకెళ్ళేవాళ్ళం. బిడ్డ మీద బెంగను అలా తీర్చుకునేవాళ్ళం. రెండేళ్ళకి వాడి బరువు 90 కిలోలు దాటింది. మెడ వెనక నల్లటి మడత వచ్చింది. మట్టి అనుకుని వాళ్ళమ్మ సబ్బుపెట్టి రుద్దేది. డాక్టరు చూసి, "అది మట్టి కాదండీ, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యడం లేదనడానికి గుర్తు. ఇలాగే వదిలేస్తే షుగరు వస్తుంది" అన్నారు. వాడికప్పుడు 15 ఏళ్ళు.

నేను ఇంజనీరుని. కాంక్రీటు క్యూబుని 28వ రోజున మిషన్లో పెట్టి పగలగొట్టి చూడందే బిల్లు మీద సంతకం పెట్టను. అలాంటివాణ్ణి ఫీజు రసీదులు భద్రంగా దాచుకున్నాను కానీ, నా కొడుకు కంచంలో ఏం పెడుతున్నారో ఒక్కనాడు వెళ్ళి చూడలేదు. స్కూలు తప్పు సగమైతే, నా తప్పు సగం. వాడిప్పుడు చాలావరకు తేరుకున్నాడు. దానికి మూడేళ్ళు పట్టింది.

ఇది పట్నం పిల్లల జబ్బు, మనకెందుకు అనుకోకండి. 2025లో యునిసెఫ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో బరువు తక్కువున్నవారు 9.2 శాతం, స్థూలకాయులు 9.4 శాతం. దక్షిణాసియాలో ఇంకా బక్కపిల్లలే ఎక్కువ. అంటే మనకి రెండు బాధ్యతలు. ఒకే తరగతిలో ఒకడికి తిండి చాలదు, పక్కవాడికి చెడ్డ తిండి ఎక్కువ.

చిన్న లెక్క చెబుతాను. 30 గ్రాముల చిప్స్ ప్యాకెట్లో సుమారు 10 గ్రాముల కొవ్వు ఉంటుంది. బడి భోజనంలో చిన్నపిల్లకి ఇచ్చే నూనెకి అది రెట్టింపు. 300 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల పంచదార, అంటే ఆరు చెంచాలు. కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధన చేసింది. నిన్న మన గేటు దగ్గర నిలబడి చూశాను. ప్యాకెట్ల దండలు తోరణాల్లా వేలాడుతున్నాయి.

వంటశాలలోకి కూడా వెళ్ళాను. అక్కడ వండే ఆయమ్మ ఒక మాట అంది: "గుడ్డు తింతారు బాబూ, కూర మాత్రం పారబోత్తారు. ఇంటర్‌బెల్లులో ప్యాకెట్లు తినేసొత్తే ఇంకాకలేటుంటాది?" ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అందుకే మన సంఘానికి మూడు విన్నపాలు. గేటు దగ్గర అమ్ముకునేవాళ్ళని తరిమెయ్యొద్దు, వాళ్ళూ మన ఊరివాళ్ళే. ఉడకబెట్టిన వేరుశనగ, జామకాయలు, అరటిపళ్ళు అమ్మితే మొదటి ఏడాది వాళ్ళకొచ్చే నష్టం మనం భరిద్దాం. రెండోది, స్వర్ణోత్సవ నిధిలో కొంత ఆటస్థలం చదును చెయ్యడానికి పెడదాం. పిల్లలకి రోజుకి గంటసేపు ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదో తరగతి అని ఆ పీరియడ్ తీసుకోవద్దని గురువులకు చేతులు జోడించి మనవి చేస్తున్నాను. మూడోది, ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్లకీ ఎత్తు, బరువు చూసి, ఆ కాగితం తల్లిదండ్రులకే ఇద్దాం. పదిమందిలో చదవొద్దు. "బొండాం" అని పేరు పెడితే ఏ పిల్లాడూ సన్నబడడు, బడి మానేస్తాడు.

ఇంటికెళ్ళాక మీరు కూడా ఒక పని చెయ్యండి. మీ పిల్లాడి ఎత్తుకి సరిపడా పురికొస కత్తిరించి, దాన్ని సగానికి మడవండి. ఆ సగం వాడి నడుము చుట్టూ అందితే మంచిదే. అందకపోతే కోప్పడకండి, డాక్టరుకి చూపించండి. ఆ పురికొస నాకు ఆలస్యంగా దొరికింది. మీకు ఈ రోజే ఇస్తున్నాను.

వచ్చే ఏడాది సభకి పొట్లాల పని నాకు అప్పగించండి. చిక్కీ, జామకాయ, ఒక గ్లాసు మజ్జిగ పెడతాను.