కాలినా తెలియని చెయ్యి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి మాట్లాడుకోవలసిన సభలో నా జబ్బు గోల ఎందుకని కార్యదర్శిగారితో అన్నాను. మన సభ్యులొకరి అబ్బాయికి అదే జబ్బని ఈమధ్య తేలిందనీ, ఆ ఇంట్లో అందరూ బెంగపడుతున్నారనీ వారు చెప్పారు. అందుకని ఒప్పుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను, టపాలు పంపుకున్న గుమాస్తాను. ఆ దృష్టితోనే వినండి.

1994లో డిస్పాచ్ సీటులో ఉండేవాణ్ణి. కవర్లకు లక్క సీలు వేస్తుంటే ఒకరోజు కరిగిన లక్క ఎడమ బొటనవేలి మీద పడింది. పక్క సీటాయన "ఏమండీ, చెయ్యి కాలుతోంది!" అని అరిస్తేగాని నేను చూసుకోలేదు. తోలు ఊడివచ్చింది, నొప్పి మాత్రం లేదు. నాది మొండిప్రాణమని కాస్త గర్వపడ్డాను కూడా. దగ్గినా తుమ్మినా తల వెనక, మెడ పైన పగిలిపోయేంత పోటు వచ్చేది. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని ఎలా తోస్తుంది?

వేళ్ళ మీది పుండ్లు చూసి ఒక వైద్యుడు పరీక్ష లేకుండానే కుష్ఠు అనేశాడు. ఆఫీసులో నా కూజా నీళ్ళు ముట్టేవాళ్ళు లేకపోయారు. మా ఆవిడ మాత్రం ఒక్కపూట కూడా నా కంచం వేరు పెట్టలేదు. నిజంగా కుష్ఠే అయినా అలా వెలివేయనక్కరలేదు. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు అది.

1996లో హైదరాబాదులో ఒక నరాల డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమని, దూదితో తాకారు. తెలిసింది. గుండుసూదితో గుచ్చారు. ఏదో తాకినట్టుంది తప్ప గుచ్చినట్టు లేదు. వేడినీళ్ళ సీసాకూ చన్నీళ్ళ సీసాకూ తేడా చెప్పలేకపోయాను. ఒంటిమీద మచ్చలు లేవు, మోచేతి దగ్గర నరం ఉబ్బలేదు. ఇది కుష్ఠు కాదన్నారు. నెల జీతానికి మించిన ఖర్చుతో ఎం.ఆర్.ఐ. తీయిస్తే సిరింగోమైలియా అని తేలింది.

వెన్నుపాము మధ్యలో నీరు చేరి గొట్టంలాగా ఖాళీ ఏర్పడుతుంది. నొప్పినీ వేడినీ మోసుకుపోయే నరాల పోగులు ఆ మధ్యలోనే ఒక పక్కనుంచి రెండో పక్కకు దాటుతాయి. గొట్టం ముందుగా వాటినే తెంపుతుంది. స్పర్శను మోసే పోగులు చాలావరకు వెన్నుపాము వెనక భాగంలోంచి పైకి పోతాయి కనుక అవి మిగులుతాయి. అందుకే తాకితే తెలుస్తుంది, కాలితే తెలియదు.

నాలో దీనికి మూలం మెదడు కింద ఉంది. చిన్నమెదడు అడుగుభాగం పుర్రె కింది రంధ్రంలోంచి మెడలోకి జారి, నీటి దారికి అడ్డుపడింది. దీన్ని 1891లో వర్ణించిన హాన్స్ కియారి పేరు మీద కియారి లోపం అంటారు. అందరికీ ఇదే కారణం కాదు. వెన్నెముకకు దెబ్బ తగిలిన ఏళ్ళ తరవాత రావచ్చు, మెదడుపొరల వాపు తరవాత రావచ్చు, వెన్నుపాములో కంతి వల్లా రావచ్చు. కారణాన్ని బట్టి వైద్యం మారుతుంది.

జబ్బు నడక కూడా ఒక్కరీతిగా ఉండదు. వేరే పనికి తీసిన స్కానులో సన్నని గొట్టం కనబడి, బాధలేమీ లేకపోతే, కత్తి జోలికి పోరు. మన భాషలో చెప్పాలంటే ఆ ఫైలు 'లై ఓవర్'లో ఉంచి, గడువు ప్రకారం మళ్ళీ స్కాను తీసి చూస్తారు. చాలామందికి ఏళ్ళ తరబడి అది అలాగే ఉండిపోతుంది. బలం తగ్గుతూంటే మాత్రం ఆ ఫైలు పెండింగులో పెట్టకూడదు.

నేను పెట్టాను. పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది, జి.పి.ఎఫ్. లోను దానికి కావాలి, తరవాత చూద్దామన్నాను. రెండేళ్ళలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడింది. కలం జారేది. సంతకం కలవలేదని బ్యాంకువాళ్ళు చెక్కు తిప్పిపంపారు.

1998లో ఆపరేషన్ అయింది. గొట్టాన్ని ముట్టుకోలేదు. తల వెనక ఎముక కొంత, మొదటి మెడపూస వెనక భాగం తీసి, లోపలి పొరకు అతుకువేసి వెడల్పు చేశారు. దారి తెరుచుకున్నాక గొట్టం దానంతటదే సన్నబడింది. దగ్గుపోటు పోయింది. జబ్బు అక్కడే ఆగింది. పోయిన కండ రాలేదు, వేడి ఇప్పటికీ తెలియదు. వేలిముద్ర యంత్రం ఏటా నాతో పేచీ పెడుతుంది.

స్నానానికి నీళ్ళు మా ఆవిడ చూసి పెడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు చేతులు దీపం దగ్గర తిప్పి చూసుకుంటాను. బరువులెత్తను, మలబద్ధకం రానివ్వను. మంగలి షాపులో మెడ పటపటా విరిపించుకోవడం మానేశాను. అది ఎంత సుఖమో మీకు తెలుసు! కాళ్ళు బిగుసుకున్నా, మింగుడు కష్టమైనా, మూత్రం పట్టు తప్పినా వెంటనే రమ్మని డాక్టరుగారి ఆజ్ఞ.

పెద్దమ్మాయి రెండో వరసలో కూర్చుంది. తన పెళ్ళి వల్లే నాన్న చెయ్యి ఇలా అయిందని ఇన్నేళ్ళూ అనుకుంటోంది. కాదమ్మా. పెళ్ళయిన తరవాత కూడా ఏడాది పైన ఆగాను. మెడ మీద కత్తి అంటే భయం వేసింది, ఆ మాట చెప్పుకోలేక నీ పెళ్ళి మీదికి తోశాను.

ఆ అబ్బాయి తండ్రిగారు వచ్చి ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. నా పాత స్కాను ఫిల్ములు, రిపోర్టులు సంచిలో తెచ్చాను.