ప్రయోజనం: కాడి నుంచి జీతం దాకా

వ్యాకరణ పండితుడి పేర జరిగే సభలో ‘ప్రయోజనం’ అనే మాట గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. వ్యాకరణం వల్ల ప్రయోజనం ఏమిటని నిలదీసినట్టు ఉంటుందేమోనని వారి బెంగ. నిలదీసినా తప్పులేదు. మహాభాష్యం మొదటి ఆహ్నికమైన పస్పశలో పతంజలి స్వయంగా ఎత్తుకున్న ప్రశ్నే అది.

పూర్వం పిల్లలు ఉపనయనం కాగానే వ్యాకరణం చదివేవారట. పతంజలి కాలానికి వేదం వల్లించేసి, వైదిక పదాలు వేదం వల్లా లౌకిక పదాలు లోకం వల్లా తెలుస్తూనే ఉన్నాయి, ఇక వ్యాకరణం దండగ అనసాగారట. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు ఫిర్యాదు ఇది; మన స్టాఫ్‌రూముల్లో నిన్న విన్నట్టే లేదూ! అలాంటివాళ్ళ కోసం ఆయన ఐదు ప్రయోజనాలు చెప్పాడు: రక్ష, ఊహ, ఆగమం, లాఘవం, అసందేహం. చివరిదానికి ఇచ్చిన ఉదాహరణ నాకు మహా ఇష్టం. యజ్ఞానికి ‘స్థూలపృషతి’ అయిన ఆవు కావాలంది విధి. పెద్ద పెద్ద మచ్చలున్న ఆవా, మచ్చలున్న పెద్ద ఆవా? బహువ్రీహి అయితే పెద్దవి మచ్చలు, కర్మధారయమైతే పెద్దది ఆవు. ఉదాత్తం ఎక్కడ పడిందో చూసి వైయాకరణుడు తేలుస్తాడు. వ్యాకరణం రానివాడు పశువుల సంతలో నిలబడిపోతాడు.

ఈ ఐదింటిలో ‘ఆగమం’ విచిత్రమైనది. బ్రాహ్మణుడు ఏ కారణమూ చూసుకోకుండా షడంగాలతో వేదం చదవాలన్న విధి అది. ఏ ఫలమూ ఆశించకుండా చదవమన్న ఆజ్ఞను ప్రయోజనాల పట్టీలో వేయడమేమిటి? ప్రయోజనమంటే లాభం అనుకుంటే ఇది పొసగదు. మనిషిని పనిలోకి దింపేది అనుకుంటేనే పొసగుతుంది.

మాట పుట్టుక కూడా ఆ వైపే చూపుతుంది. ‘యుజ్’ ధాతువుకు కూర్చడం, కాడికి కట్టడం అని అర్థం. సంస్కృతంలో కాడి ‘యుగం’, లాటిన్‌లో ‘యుగుమ్’, ఇంగ్లీషులో ‘యోక్’. అన్నీ ఒకే కుదుటివి. ముందుకు అనే అర్థమిచ్చే ‘ప్ర’ చేరి ప్రయోజనమైంది. న్యాయశాస్త్రం తన పదహారు పదార్థాల్లో దీన్ని నాలుగోదిగా, సరిగ్గా సంశయం తర్వాత నిలిపింది. దేన్ని ఉద్దేశించి మనిషి కదులుతాడో అదే ప్రయోజనమని గౌతముడి లక్షణం.

పాణిని దగ్గర ప్రయోజకుడంటే ఇంకొకరి చేత పని చేయించేవాడు. ‘చేయించు’ అన్నప్పుడు చేయించే కర్త అన్నమాట. తెలుగింట్లో ఆ మాటకు సంబంధాలు కుదిరే అర్థం వచ్చింది. కుర్రాడు ప్రయోజకుడయ్యాడంటే సంపాదనలో పడ్డాడని. ‘ఉద్యోగం’ కూడా ఆ ధాతువు బిడ్డే. భారతంలో ఒక పర్వమంతా యుద్ధ సన్నాహానికి పేరై నిలిచిన ఆ మాట మన దగ్గర నెల జీతమైంది. ఇక ‘ఏం ప్రయోజనం?’ అని మనం అడిగేది జవాబు కోసం కాదు, నిట్టూర్పు కోసం.

తెలుగు మాటల్లో పాత ప్రయోజనానికి చుట్టం ‘పూనిక’. రథానికి గుర్రాల్ని పూన్చడం, మనిషి ఒక పనికి పూనుకోవడం రెండూ ఒకే క్రియ. పతంజలి మాటను తెలుగు చేయాల్సివస్తే నేను దీన్నే వాడతాను. పూనికలో మనిషి ఉన్నాడు గాని గమ్యం లేదని నిఘంటుకర్తలు ఆక్షేపించవచ్చు, అది సబబే. గమ్యం కోసం చతుర్థీ విభక్తి ఉంది: కొఱకు, కై. వాడుకలో ‘కావాలని’ ఉంది, ‘పనిగట్టుకుని’ ఉంది. కాకపోతే ఈ రెంటినీ ఎక్కువగా అభియోగాలకే కేటాయించాం. కావాలని తిట్టాడంటాం, పనిగట్టుకుని చెడగొట్టాడంటాం. ఎవరైనా సాయం చేస్తే మాత్రం కావాలని చేశాడనం.