పెన్న పొంగింది, పైన వాన పడిందా?



హిందూపురం దగ్గర పెన్నలోకి ఉన్నట్టుండి నీళ్లొస్తే ఒడ్డున ఉన్నవాళ్లు "పైన నందికొండల దిక్కున వాన పడినట్టుంది" అంటారు. ఆ మాట ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్న మన తార్కికులు వెయ్యేళ్లకు మునుపే వేసుకున్నారు. తర్కానికి మూలమైన గౌతముడి న్యాయసూత్రాల్లో ఒక ఆక్షేపం ఉంది: ఎక్కడో అడ్డుకట్ట పడినా నీళ్లు పైకి లేస్తాయి కదా, వాన పడిందని ఎలా అంటావు? భాష్యం రాసిన వాత్స్యాయనుడు దానికి జవాబిచ్చాడు. నీరు పెరగడం ఒక్కటే గుర్తు కాదు. వడి, నురగ, కొట్టుకొచ్చే ఆకులు, కట్టెలు అన్నీ కలిసిన వరదే వానకు గుర్తు.

ఇలాంటి ఆక్షేపాన్నీ సమాధానాన్నీ పదిమంది ఎదుట తేల్చే కూటమే వాక్యార్థ సభ. ఈనాటి మన ప్రసంగం దాని గురించే.

సభలో ఒక పండితుడు శాస్త్రవాక్యాన్ని ఎత్తుకుని అర్థం చెబుతాడు. మరొకరు ఆక్షేపిస్తారు. ఎదుటి పక్షాన్ని పూర్వపక్షం అంటారు, తేలిన దాన్ని సిద్ధాంతం అంటారు. వాదన గాడి తప్పకుండా పెద్దలు మధ్యస్థులుగా కూర్చుంటారు. ఓటమికి గుర్తులైన నిగ్రహస్థానాలు 22 అని గౌతముడు లెక్కగట్టాడు. మధ్యలో ప్రతిజ్ఞ, అంటే తాను నిలబెడతానన్న మాట మార్చినా, చెప్పిందే మళ్లీ చెప్పినా, పనుందని లేచిపోయినా ఓడినట్టే. వీటిలో ఒకటి నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. ఎదుటివాడు మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన మాటను నువ్వు తిరిగి చెప్పలేకపోతే, అక్కడే ఓడిపోయావు. ఖండించడానికి ముందు వినడం వచ్చి ఉండాలన్నమాట.

చర్చలు కూడా మూడు రకాలన్నారు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ.

ఈ విద్యకు మన పెనుకొండ కొత్త కాదు. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచితో పాటు జైనులు తమ నాలుగు పీఠాల్లో పెనుకొండను చేర్చుకున్నారు. ఒకే వస్తువును ఏడు విధాలుగా చెప్పి చూడవచ్చన్న సప్తభంగి వాళ్లదే. పార్శ్వనాథుడి ఆలయం ఇప్పటికీ పెనుకొండలో ఉంది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధానే ఈ కొండ కిందికి వచ్చింది. అంతకుముందే, 1539లో కన్నుమూసిన విజయనగర పండితుడు వ్యాసతీర్థులు, మిథిలలో గంగేశుడు మొదలుపెట్టిన నవ్యన్యాయం అనే కొత్త తర్కపద్ధతిని దాని పరిభాషలోనే ఎదిరించి తర్కతాండవం రాశారు. తర్కం నేర్చుకునేవాళ్లు ఈనాటికీ మొదట పట్టే పుస్తకం తర్కసంగ్రహం. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడు.

ఇప్పటికీ శృంగేరిలో భాద్రపదంలో వాక్యార్థ సభ జరుగుతుంది. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే ఈ తర్కశాస్త్రం, చదువుకోవచ్చు. బయటి ప్రపంచంలో తర్కం, విజ్ఞాన పద్ధతుల మీద మొదటి అంతర్జాతీయ మహాసభ 1960లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జరిగింది. దేన్ని విజ్ఞానం అనాలి? సాక్ష్యం ఎంత ఉంటే చాలు? అక్కడి పండితులు తేల్చుకోవాలనుకునేవీ ఇవే. ఒక సిద్ధాంతం తప్పని తేలే దారి ఉంటేనే అది విజ్ఞానమవుతుందని కార్ల్ పాపర్ 1934లో రాశాడు. "వ్యభిచారం చూపించు", అంటే హేతువు ఉండి, దానితో నిరూపించదలచినది లేని చోటు చూపించు అని నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, అడిగేది కూడా ఆ వైపుకే. మబ్బు పట్టింది కాబట్టి వాన పడుతుందంటే అనంతపురం రైతు ఆ చోటు వెంటనే చూపిస్తాడు!

హిందూపురం, ధర్మవరం కాలేజీల విద్యార్థులకు ఒక సూచన. మీ చర్చాపోటీల్లో ఒక్క నియమం చేర్చి చూడండి. ఎదుటి జట్టు మాటను, ఆ జట్టే ఒప్పుకునేలా తిరిగి చెప్పిన తర్వాతే జవాబివ్వాలి. కొందరికి జవాబు దొరక్కపోవచ్చు. అప్పుడు ఎదుటివాళ్ల మాట ఒప్పుకోవడమే సరైన జవాబు. వాదం పుట్టింది అందుకే.