వృద్ధుల ఇంట యంత్రాల తోడు

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలములో ఏ పల్లెకు పోయినా, పగటివేళ అరుగులమీద కనిపించేవారిలో పెద్దవయసువారే ఎక్కువ. పిల్లలు బడిలో ఉంటారు. నడివయసువారు పొలాలలో ఉంటారు. చదువుకున్న కొడుకులు హైదరాబాదులోనో, గల్ఫు దేశాలలోనో ఉంటారు. దీపము పెట్టేవేళకు కొన్ని ఇండ్లలో ఒక్క తల్లియో, ఒక్క తండ్రియో మాత్రమే మిగులుతారు. ఆ ఒంటరి ఇంటికి యంత్రము ఏ మేరకు తోడు కాగలదో నేడు ముచ్చటించుకొందాము.

2011 జనాభా లెక్కల ప్రకారము మనదేశములో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షలమంది. వారిలో నూటికి 70 మందికి పైగా పల్లెలలోనివారే. పట్నానికి రమ్మని పిల్లలు పిలువక వీరు ఒంటరిగా ఉండలేదు. పిలిచినా రారు. తాము పెంచిన వేపచెట్టు, పేరుపెట్టి పలుకరించే ఇరుగుపొరుగు, తమ చేతి వంట, తమ ఇష్టము వచ్చినప్పుడు తీసి మూసే తలుపు - వీటిని విడిచిపెట్టుట వారికి సగము ప్రాణము విడిచినట్లే. అది మొండితనము కాదు. అది వారి స్వాతంత్ర్యము.

మా తల్లిగారు ఇట్టివారిలో ఒకరు. చిన్నకోడూరు మండలములోని ఒక పల్లెలో ఏడుపదులు దాటిన వయసులో ఒంటరిగా ఉంటున్నారు. ఒకనాటి తెల్లవారుజామున స్నానాలగది గడపవద్ద కాలుజారి పడినారు. ఎముక విరుగకపోవుట అదృష్టమే. కాని లేవలేకపోయినారు. సెల్‌ఫోను పడకటింటి గూటిలో ఉన్నది. పాలుపోసే అబ్బాయి వచ్చి పిలిచేవరకు రెండు గంటలు తడినేలమీదనే ఉన్నారు. ఆ సమయములో మేము స్టూడియోలో కూర్చుండి ఉదయ ప్రసారము నిర్వహిస్తున్నాము. మా గొంతు ఊరూరికి చేరినది. ఆమె గొంతు ప్రక్కింటికి చేరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము పడిపోవుటవలన ఏటా 6 లక్షల 84 వేలమంది మరణిస్తున్నారు. వారిలో వృద్ధులే ఎక్కువ. పడుట ఒక ప్రమాదమైతే, పడినచోటనే ఎవరును రాక గంటలకొలది ఉండిపోవుట మరొక ప్రమాదము. మొదటిదానిని కొంతవరకు ఆపవచ్చును. రెండవదానిని చాలవరకు ఆపవచ్చును.

భయముతో చేసే పని ఆలోచించి చేసిన పనివలె ఉండదు. ఆ వారమే మేము రెండు కెమెరాలు కొని ఇంటిలోపల గోడలకు బిగించినాము. హైదరాబాదులో ఉండి మా ఫోనులో ఆమెను చూడగలుగుతున్నామని సంతోషించినాము. మూడవనాడు ఆమె అడిగినారు: "గిది నన్ను కాపాడుడా కొడుకా, నాకు కావలి ఉండుడా?" అప్పటికి మాకు అర్థము కాలేదు. చీర మార్చుకొనుటకు ఆమె ప్రక్కింటికి పోతున్నారని తరువాత తెలిసినది. తన ఇంటిలో తనకు చాటు లేకుండ చేసినవారము మేమే. తలవంచుకొని వెళ్లి, బిగించిన చేతులతోనే వాటిని విప్పివేసినాము.

అప్పుడు మాకు తోచిన ప్రశ్న ఇది: ఈ యంత్రము ఎవరికొరకు? తల్లి క్షేమముకొరకా, కొడుకు నిశ్చింతకొరకా? ఈ రెండును ఒకటే అనుకొనుట మా పొరపాటు.

జపానులో జోజిరుషి అనే సంస్థ 2001లో ఒక ఏర్పాటు చేసినది. అక్కడి వృద్ధులు రోజుకు పలుమార్లు తేనీరు త్రాగుతారు. నీరు కాచే విద్యుత్ పాత్రలోనే చిన్న సాధనమును అమర్చి, ఆ పాత్రను వాడిన సంగతి దూరముననున్న బిడ్డకు తెలిసేటట్లు చేసినారు. తల్లిని ఎవరూ చూడరు, ఆమె మాట ఎవరూ వినరు. తేనీరు కాచుకొన్నదన్న వార్త మాత్రము చేరుతుంది. కొడుకునకు ఆ పూటకు అది చాలును.

పిలుపు గంట మరొక సాధనము. అమెరికాలో ఆండ్రూ డిబ్నర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1974లో స్థాపించిన సంస్థ దీనిని ప్రచారములోనికి తెచ్చినది. ఒంటిమీద ధరించిన చిన్న మీటను నొక్కితే సహాయకేంద్రానికి కబురు పోతుంది. నేడు కొన్ని చేతి గడియారాలు మనిషి పడిన సంగతిని తామే పసిగట్టి పిలుస్తున్నవి. వాటి వెల అందరికి అందేది కాదు. అయితే మనదేశములో అమ్మే ప్రతి సెల్‌ఫోనులోను 2017 జనవరి 1 నుండి ఆపద మీట ఉండవలెనని కేంద్రప్రభుత్వము 2016లో నిబంధన చేసినది. అంకెల మీటలున్న చిన్న ఫోనులో 5 గాని 9 గాని అదిమిపట్టితే అత్యవసరపు పిలుపు పోవలెను. మీ ఇంటి ఫోనులో ఆ సదుపాయము ఉన్నదీ లేనిదీ, కొన్న దుకాణములోనే అడిగి తెలుసుకొనుట మంచిది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనము సంగతి అందరికి తెలిసినదే. 14567 అనే వృద్ధుల సహాయవాణి సంగతి తెలిసినవారు తక్కువ. అది పింఛను, న్యాయసలహా, నిరాదరణవంటి విషయాలలో తోడ్పడుటకు ఏర్పడినది.

ఫోను ఉన్నంతమాత్రాన చాలదు, చేతికి అందవలెను. మా తల్లిగారు పాత చీర అంచుతో చిన్న సంచి కుట్టి, అందులో ఫోను పెట్టి మెడకు వేసుకొంటున్నారు. స్నానానికి పోయేటప్పుడు దానిని లోపలనే, చేయి చాచితే అందే ఎత్తున, కొక్కెమునకు తగిలిస్తారు. ఇంత చిన్న ఆలోచన మాకు రాలేదు. పడినవారికే వచ్చినది.

గోడకు పట్టుకొనే ఇనుపకమ్మి, కాలుజారని గరుకు బండ, మనిషి కదిలినంతనే వెలిగే చిన్న దీపము - ఇవి మేము రెండవసారి బిగించినవి. మూడును కలిపి కెమెరాల ఖర్చులో సగము కాలేదు. ఇంటిలోని కుళాయి కూడ ఇట్టి సాధనమే. మిషన్ భగీరథ పథకము 2016 ఆగస్టు 7న గజ్వేలు వద్ద కోమటిబండలో ప్రారంభమైనది. బిందె చంకనెత్తుకొని నడువలేని ముసలమ్మకు కుళాయిని మించిన యంత్రము ఏమున్నది?

పొలములోను ఇదే కథ. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి ఇరువది నాలుగు గంటల విద్యుత్తు మొదలు కాకముందు, కరెంటు వచ్చే అర్ధరాత్రి వేళ చీకటిలో పాములమధ్య నడిచిపోయి మోటారు పెట్టవలసి వచ్చేది. నేడు ఫోనుద్వారా మోటారును నడిపే స్టార్టర్లు వచ్చినవి. మా పొరుగు పెద్దమనిషి మంచముమీద కూర్చుండి మోటారు ఆపుతాడు. "కాళ్లు పోయినయి గని ఎవుసం పోలే" అంటాడు. ఆ మాటలోని ఆత్మగౌరవమే ఈ సాధనముల అసలు ఫలము.

యంత్రము వృద్ధుని శరీరమును ఎరుగకపోతే మాత్రము అది అడ్డుగోడ అవుతుంది. 2014లో ఆసరా పేరుతో ఆరంభమైన పింఛను అందుకొనుటకు వేలిముద్ర కావలెనన్నారు. ఏండ్లతరబడి నాట్లువేసి, కలుపుతీసి, బీడీలు చుట్టిన వేళ్లమీద గీతలు అరిగిపోతవి. పనిచేసిన చేతినే యంత్రము గుర్తుపట్టకపోవుట ఎంత విపరీతము! ఉద్యోగ పింఛనుదారుల జీవన్ ప్రమాణ్ పద్ధతిలో 2021 నుండి ముఖము చూపినా చాలునన్న వీలు కలిగినది. యంత్రమునకు తగినట్లు మనిషి మారవలెనని కాక, మనిషికి తగినట్లు యంత్రమును మార్చుట సరియైన మార్గము.

చివరగా ఒక మాట. ఏ మీట అయినా పిలువగలదు, రాగలిగినది మనిషియే. మా తల్లిగారు తమ ఫోనులో మొదట పెట్టించుకొన్న అంకె మాది కాదు, ప్రక్కింటివారిది. వంద కిలోమీటర్ల దూరానగల కొడుకుకన్న గోడ అవతలి మనిషి ముందుగా వస్తాడని ఆమెకు తెలియును. మేము నొచ్చుకొనలేదని అనలేము. కాని ఆమె లెక్కయే సరియైనది.

మా రేడియో కూడ ఒంటరి ఇండ్లకు పాత స్నేహితుడే. అది మాట్లాడుతుంది, అవతలివారి మాట వినలేదు. ఆ కొరతను తీర్చవలసినవారు మీరు. ఈ ప్రసంగము ముగిసిన తరువాత ఊరిలోనున్న మీ పెద్దలకు ఫోను చేయండి. ఏమి కొనిపెట్టవలెనో మీరే నిర్ణయించక, ఇంటిలో ఏ పని కష్టముగా ఉన్నదో, ఏ మూల భయము వేస్తున్నదో వారినే అడుగండి. యంత్రము సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చును.